ఆవు లేని రైతుకి కషాయాల కొట్టు: మూడు ఖరీఫ్‌లు కొన్నాక నా మాట

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు, వంశధార ఎడమ కాలువ శివారు ఊరు. శివారు అంటే ఏమిటో ఈ పక్క వాళ్ళకి చెప్పక్కర్లేదు. గొట్టా బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలారని పేపర్లో చదివిన ఎన్నాళ్ళకో గాని మా గట్టు తడవదు. కొన్నేళ్ళు అసలు తడవదు. నాకు ఎకరా అరవై సెంట్లు పొలం ఉంది. మా ఆయన గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేస్తారు, సాగు అంతా నాదే. ఇంట్లో ఆవు లేదు, ఎడ్లు లేవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పశువుల సాల కూలిపోయింది. ఆవు బతికింది గాని, కట్టెయ్యడానికి నీడ లేక ఆర్నెల్లకి అమ్మేశాం.

ఆవు సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ కొట్టు గురించి నేను రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ప్రకృతి వ్యవసాయం గురించి మా పొదుపు సంఘం మీటింగుల్లో 2016 తర్వాత నుంచీ వింటూనే ఉన్నాను. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ తరఫున వచ్చేవాళ్ళు ఓపిగ్గా చెప్పేవాళ్ళు, గోడలకి బొమ్మలు కూడా అంటించేవాళ్ళు. జీవామృతం చెయ్యడానికి పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం అని లెక్క మొదలవగానే నా మనసు మూసుకుపోయేది. పేడ పక్కింట్లో అడగొచ్చు. మూత్రం ఎవరు పట్టి ఇస్తారు? తెల్లారకముందే లేచి సాలలో బక్కెట్టు పట్టుకుని నిలబడే ఓపిక ఎవరికుంది? మగదిక్కు ఊళ్ళో లేని ఆడవాళ్ళం మేం పది మందిమి ఉన్నాం. అందరం అదే మాట అనుకుని లేచి వచ్చేసేవాళ్ళం.

ఆ అడ్డు తీసింది మా పక్క ఊళ్ళో ఇవన్నీ చేసి అమ్మే ఈ కొట్టు. బోర్డు మీద ఏదో పేరుంది గాని ఊళ్ళో అందరూ కషాయాల కొట్టు అనే అంటారు. నడుపుతున్నది నాకంటే పదేళ్ళు పెద్దావిడ, నేను అప్పా (అక్కా) అని పిలుస్తాను. సంఘంలో అప్పు తీసుకుని ఇంటి వసారాలోనే పెట్టింది. ఆమెకి రెండు నాటు ఆవులున్నాయి. చాలకపోతే ఊళ్ళో ఆవులున్న నాలుగిళ్ళ నుంచి పేడ, మూత్రం డబ్బులిచ్చి కొంటుంది. వసారాలో తక్కెడ, గోనెసంచుల వరస, అరలో విత్తనాల సీసాలు ఉంటాయి. పెరట్లో కానుగ చెట్టు కింద నీలం డ్రమ్ములు, వాటి మీద తడి గోనెపట్టాలు. గోడ మీద ధరలు సున్నంతో రాసి ఉంటాయి, మనిషిని బట్టి రేటు మారదు. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు తర్వాత ఉంటుంది. మధ్యలో వెళ్తే ఆవిడ పొలంలో ఉంటుంది, తిరిగి రావాల్సిందే.

నేను మొదట కొన్నది ఘన జీవామృతం, అంటే పొడి రూపంలో ఉండే జీవామృతం. యాభై కిలోల బస్తా 350 రూపాయలు. సంచి విప్పి చేతిలోకి తీసుకుంటే పొడి టీ ఆకులా రాలాలి, పేడ వాసన దాదాపు పోయి మట్టి వాసన రావాలి. ఇక్కడిది అలాగే ఉంటుంది. నీడలో ఆరబెట్టి, గడ్డలు చితక్కొట్టి, జల్లెడ పట్టి అమ్ముతుంది. ఇంకో చోట ఒకసారి తక్కువకి వచ్చిందని కొన్నాను, ఎండలో ఆరబెట్టిన పేడ పిడకల్ని పొడి చేసి ఇచ్చినట్టుంది. ఎండలో ఆరితే లోపలి సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి, ఇక దాన్ని మడిలో చల్లినా ఒకటే, పొయ్యిలో పెట్టినా ఒకటే. ఎకరాకి నాలుగు వందల కిలోల లెక్కన నా అరవై సెంట్ల ఎగువ మడికి ఐదు బస్తాలు సరిపోయాయి. దిగువనున్న ఎకరా మొదటి ఏడాది ముట్టుకోలేదు, పాత పద్ధతిలోనే ఎరువులు వేశాను. అంతా ఒక్కసారి మార్చి బస్తాలు పోగొట్టుకునే స్తోమత నాకు లేదు. అప్ప కూడా అలాగే చెయ్యమంది. అమ్ముకునే మనిషి తక్కువ కొనమని చెప్పడం నేను అప్పుడే చూశాను.

ఈ కొట్టులో ఒక్కటే కొనాలంటే నవధాన్యాల కిట్టు కొనమంటాను. పేరుకి నవధాన్యాలు గాని, వరికి ముందు మడిలో చల్లే విత్తనాలు అందులో ఇరవై రకాల దాకా ఉంటాయి. జనుము, జీలుగ, పిల్లిపెసర, మినుము, అలసంద, కంది, ఉలవ, చోళ్ళు, గంటెలు, జొన్న, నువ్వులు, ఆముదం, ఆవాలు, ధనియాలు, గోంగూర, తోటకూర, బెండ, సొర, గుమ్మడి. నా మడికి ఆరు కిలోలు, 500 రూపాయలు అయింది. వీటిని ఉత్తినే చల్లకూడదు. బీజామృతంతో (విత్తనాలకి పట్టించే పేడ, మూత్రం కలిపిన నీళ్ళు) తడిపి, పుట్టమన్ను, ఘన జీవామృతం పొడి, బూడిద ఒకదాని మీద ఒకటి పొరలుగా పట్టించాలి. వసారాలో నన్ను కూర్చోబెట్టి చేటలో వేసి తిప్పడం చూపించింది. ఆవగింజ చూస్తుండగానే మిరియం గింజంత అయింది. ఆ మన్ను పొర ఉండబట్టి చీమలు, పిట్టలు ఎత్తుకుపోవు, చిన్న జల్లు పడినా ఆ తడిని గింజ దగ్గరే పట్టి ఉంచుతుంది.

2023 మే నెలలో, నేల గట్టిగా కాలుతున్న రోజుల్లో చల్లాను. మా మావయ్య గట్టు మీద నిలబడి "ఎండలో గింజలు పారబోస్తన్నావేటమ్మా" అన్నారు. వేసవి జల్లు ఒకటి పడింది, ఐదో రోజుకి మడంతా పచ్చటి నూగు. నలభై ఐదు రోజులు పెంచాను. మా ఇంటికి గోంగూర, తోటకూర కొనే పని తప్పింది. అలసంద కాయలు పక్కింటికీ ఇచ్చాను. సగం కోసి ఆవున్న వాళ్ళకి మేతగా ఇచ్చి బదులు పేడ తీసుకున్నాను. మిగతాది దమ్ములో కలియదున్నించేశాను. దమ్ము పట్టేటప్పుడు ట్రాక్టరు అబ్బాయి వెనక కొంగలు వచ్చి వాలాయి. నేలలో ఎర్రలు (వానపాములు), పురుగులు ఉంటేనే కొంగ వస్తుంది. నా మడిలో కొంగలు వాలడం చూసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

ఆ ఏడాది ఆగస్టు సంగతి మీకందరికీ తెలుసు. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశం మొత్తం మీద అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. మా కాలువలోనూ నీళ్ళు లేవు. ఉభాలు (వరి నాట్లు) అయి నెల కాలేదు. రోజూ పొద్దున్న వెళ్ళి చూసేదాన్ని. దిగువ మడి మామూలుగా తడి ఎక్కువ నిలిచేది, అదే ముందు నెర్రెలిచ్చింది. నెర్రెలో నా చెయ్యి మణికట్టు దాకా పట్టింది. ఎగువ మడిలో పైన పొర ఆరి తెల్లబడింది గాని వేలితో గోకితే కింద చల్లగా తగిలింది. ఆకు మధ్యాహ్నం చుట్టుకునేది, సాయంత్రానికి విప్పుకునేది. దిగువ మడిలో ఆకు సాయంత్రానికీ విప్పుకోలేదు. ఒక మడి, ఒక ఏడాది చూసి ఊరందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. కుళ్ళిన ఆకు, వేళ్ళు నేలలో ఉంటే నీళ్ళు పట్టి ఉంచుతాయన్నది మాత్రం ఆ రోజు నా వేలి కొస మీద తెలిసింది.

అదే నెలలో అప్ప మా మడికి వచ్చి ఒక పైపు ముక్క ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు. అడుగు పొడవు పీవీసీ పైపు, చుట్టూ చిల్లులు. మడిలో గుచ్చి లోపలి మట్టి తీసేస్తే నేల కింద నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కనపడుతుంది. పదిహేను సెంటీమీటర్ల కిందకి దిగేదాకా నీళ్ళు పెట్టక్కర్లేదు, పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు. వరి అంటే ఎప్పుడూ నీళ్ళు నిలవాల్సిందేనని నలభై ఏళ్ళుగా అనుకున్నాను. నిలవున్న నీళ్ళ కింద గాలి అందక మీథేన్ అనే వాయువు పుడుతుందని, వేడి పెరగడానికి అదీ ఒక కారణమని అప్పుడే విన్నాను. నాకు అప్పుడు కావాల్సింది నీళ్ళు మిగలడం. పక్క రైతు ఇంజనుతో నాకు మూడు తడులు పెట్టాల్సిన చోట రెండుతో సరిపోయింది.

ఇక డబ్బు లెక్క. దీని గురించి చాలామంది గొప్పగా చెప్తారు, నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇదివరకు అరవై సెంట్లకి డీఏపీ ఒక బస్తా 1,350, యూరియా రెండు బస్తాలు 533, పొటాష్, పిచికారీ మందులు కలిపి 4,700 దాకా అయ్యేది. కొట్టులో ఘన జీవామృతం 1,750, ద్రవ జీవామృతం నాలుగు సార్లకి 960, కిట్టు 500, కషాయాలు 400, మొత్తం 3,610. మిగిలింది వెయ్యి రూపాయల పైచిలుకు. దిగుబడి మాత్రం పన్నెండు బస్తాల నుంచి పదికి పడింది. మా లెక్కలో బస్తా ఎనభై కిలోలు. ఆ ఏడాది క్వింటాలు మద్దతు ధర 2,183 కాబట్టి రెండు బస్తాలంటే మూడున్నర వేలు. అంటే మొదటి ఏడాది నాకు నష్టమే. అయితే దిగువ ఎకరాలో ఇరవై రావాల్సిన చోట పదిహేనే వచ్చాయి. కరువు రెండు మడుల్నీ కొట్టింది, ఎగువ మడిని తక్కువ కొట్టింది. ఆ తేడా చూసే రెండో ఏడాది మళ్ళీ కొట్టుకి వెళ్ళాను. మూడో ఏడాదికి ఎగువ మడి మళ్ళీ పన్నెండు బస్తాలు దాటింది, ఖర్చు పెరగలేదు. మొదటి ఏడాది తగ్గుతుందని కొనేముందే గట్టిగా చెప్పాలని అప్పకి చెప్పాను. ఇప్పుడు కొత్తవాళ్ళకి చెప్తోంది.

నాకు కోపం వచ్చిన రోజు కూడా ఉంది. 2024లో, ద్రవ జీవామృతం దగ్గర. నూట ఇరవై లీటర్లు ఆటోలో తెప్పించుకున్నాను. మర్నాడు పొద్దున్న చల్లుదామని మూత తీస్తే కడుపులో తిప్పేసింది. మంచి జీవామృతం వాసన నాకు తెలుసు. పులిసిన పిండి, బెల్లం, పేడ కలిసిన వాసన, పైన నురగ, కర్రతో కలిపితే బుడగలు లేస్తాయి. ఇది నల్లగా ఉంది, బుడగ లేదు, చచ్చిన ఎలక కంపు. వెంటనే ఫోన్ చేశాను.

"ఏటప్పా, ఇలగ వాసనొస్తంది?"

కాసేపు మాట్లాడలేదు. "వానలకి వారం రోజులు ఎవులూ రాలేదమ్మీ. కలిపి పదకొండు రోజులయింది. పారబొయ్యడానికి మనసొప్పలేదు" అంది.

జీవామృతం ఎరువు కాదు, పెరుగు తోడులాంటిది. రెండు వందల లీటర్ల నీళ్ళలో పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను వేసి రోజుకి రెండు సార్లు కలుపుతూ రెండు రోజులు నీడలో ఉంచితే సూక్ష్మజీవులు బెల్లం, పిండి తిని కోట్లుగా పెరుగుతాయి. ఆ తిండి అయిపోయాక అవే చచ్చి కుళ్ళుతాయి. వారం లోపు చల్లెయ్యాలి. ఇదంతా నాకు నేర్పింది ఆవిడే. నేర్పిన మనిషే అమ్మిందని బాధ. డబ్బు తిరిగిచ్చింది, ఆటో ఖర్చు కూడా ఇచ్చింది. ఆ వారం నుంచి ప్రతి డ్రమ్ము మీదా కలిపిన తేదీ సుద్దతో రాస్తోంది. ఇప్పుడు నేను ముందు రోజు ఫోన్ చేసి, తేదీ అడిగి, మూత తీసి వాసన చూశాకే క్యాన్లు నింపించుకుంటాను. మీరూ అలాగే చెయ్యండి, ఆవిడ ఏమీ అనుకోదు.

కషాయాల విషయంలో ఆశలు కొంచెం తగ్గించుకుని వెళ్ళండి. వేపాకు, పేడ, మూత్రంతో చేసే నీమాస్త్రం చిన్న పురుగులకి, రసం పీల్చే వాటికి బాగానే పని చేసింది, తొలి దశలో కొడితే. ఆకుముడత కనపడగానే అగ్నిఅస్త్రం కొట్టాను, ఆగింది. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు మూత్రంలో ఉడకబెట్టి చేస్తారు, కొట్టేటప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకోవాలి, లేకపోతే కళ్ళు రెండు రోజులు మండుతాయి. సుడిదోమ మాత్రం దుబ్బుల మొదట్లో బాగా పట్టేశాక ఏ కషాయమూ నా కళ్ళ ముందు ఆపలేదు. మూడో ఏడాది అప్ప మాట విని ఉభాలప్పుడే ప్రతి రెండు మీటర్లకీ జానెడు కాలిబాట తూర్పు పడమరలుగా వదిలించాను. నారు కొనలు తుంచి నాటించాను, కాండం తొలిచే పురుగు గుడ్లు ఎక్కువగా కొనల మీదే ఉంటాయి గనక. కూలి వాళ్ళు గొణిగారు. ఆ ఏడాది దోమ పెద్దగా రాలేదు. కాలిబాటకీ కొనలు తుంచడానికీ పైసా ఖర్చు లేదు, కొట్టుకి పైసా లాభం లేదు. అయినా రెండు సార్లు వచ్చి గట్టు మీద నిలబడి చెప్పి వెళ్ళింది.

మొలకెత్తిన గింజల్ని వరసల్లో వేసే డ్రమ్ సీడర్ కూడా అద్దెకిస్తుంది, రోజుకి 200. ఎనిమిది వరసలు పడుతుంది, ఎకరాకి పదిహేను కిలోల లోపు విత్తనం చాలు, నారుమడి పనీ ఉభాల కూలీ తప్పుతాయి, పంట వారం పది రోజులు ముందొస్తుంది. తుపాన్ల జిల్లాలో వారం ముందు కోత అంటే చిన్న మాట కాదు. కాని కొట్టులో ఉన్నది ఒక్కటే సీడరు. నాకు చెప్పిన రోజుకి వేరే ఊరి వాళ్ళు తిరిగివ్వలేదు. గింజ తెల్లగా ముక్కు పగలగానే వెయ్యాలి. ఒక రోజు ఆలస్యమయ్యేసరికి మొలకలు పొడుగై ఒకదానికొకటి చుట్టుకున్నాయి, చిల్లుల్లోంచి రాలవు. చేత్తో వెదజల్లేశాను. ఆమె ఇంకో సీడరు కొనాలి, లేదా అడ్వాన్సు తీసుకుని వరస పాటించాలి.

ఈ కొట్టు వల్ల అవ్వనిది కూడా ఒకటుంది. 2024 ఆగస్టు ఆఖరి రాత్రి కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటినప్పుడు దిగువ మడి ఐదు రోజులు మునిగింది. మునకని ఏ జీవామృతమూ ఆపదు. దానికి విత్తనం మారాలి. స్వర్ణ సబ్-1 లాంటి వరి రకాలు రెండు వారాల దాకా మునకకి ఓర్చుకుంటాయి. అప్ప దగ్గర ఆ విత్తనం ఉండదు, రాగోలు పరిశోధన స్థానంలోనో రైతు సేవా కేంద్రంలోనో ముందుగా అడగమని తనే చెప్పింది. ఆ ఏడాది ఎగువ మడి పదకొండు బస్తాలు, దిగువ ఎకరా పదహారు ఇచ్చాయి. దిగువది మునిగింది కాబట్టి ఆ రెండింటినీ పోల్చి నేనేమీ చెప్పను.

మన రాష్ట్రపు ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని టీవీలో చెప్పినప్పుడు నాకు మొదట ఈ వసారా, తడి గోనెపట్టాలే గుర్తొచ్చాయి. అప్పకి ఫోన్ చేసి చెప్తే "అలగేటి? మంచిదే. రేపు మూత్రం క్యాన్లు రెండు కావాలి, మీ ఊళ్ళో ఎవురి దగ్గరైనా ఉన్నాయేమో అడుగు" అంది. ఇలాంటి కొట్టు ప్రతి పంచాయతీలో ఒకటుండాలి. మా వాళ్ళు ఏడు కిలోమీటర్లు ఆటోలో తెచ్చుకుంటున్నారు. సరుకు ఖరీదులో నాలుగో వంతు ఆటోకే పోతోంది.

వెళ్ళేవాళ్ళకి: క్యాన్లు, గోనెసంచులు మీవే తీసుకెళ్ళండి, లేకపోతే సంచికి పది రూపాయలు వేస్తుంది. ఫోన్‌పే ఉంది. అరువు సంఘం సభ్యులకే, కోతల దాకా. ఘన జీవామృతం ఆరు నెలలు నిలవుంటుంది కాబట్టి సంక్రాంతి తర్వాత తీరిక రోజుల్లో కొని పెట్టుకోండి, జూన్‌లో వెళ్తే దొరకదు. నవధాన్యాల కిట్టుకి ఉగాది లోపు పేరు రాయించాలి. మొన్న వెళ్ళి నా పేరు రాయించాను. పుస్తకంలో నా పేరు ఎదురుగా పోయినసారి అరవై సెంట్లు అని ఉంది. ఈసారి ఎకరా అరవై అని రాయమన్నాను.